జర్మనీలో నిర్బంధ సైనిక సేవ మళ్ళీ రావాలా? మా పెద్దోడికి ఉత్తరం వచ్చింది

నెకార్_గట్టు
మా పెద్దోడికి మొన్న జర్మన్ సైన్యం బుండెస్‌వేర్ నుంచి ఉత్తరం వచ్చింది. వాడు 2008లో పుట్టాడు, ఈ ఏడు 18 నిండాయి. ఉత్తరంలో క్యూఆర్ కోడ్ ఉంది, దాన్ని ఫోన్‌తో స్కాన్ చేసి ప్రశ్నలకి జవాబులు నింపాలి, ఎత్తు బరువు, చదువు, ఆరోగ్యం, సైన్యంలో చేరే ఆసక్తి ఉందా ఇలాంటివి. అబ్బాయిలు తప్పనిసరిగా నింపాలంట, అమ్మాయిలకి ఇష్టమైతేనే. మా ఆవిడ ఆ కవరు చూసిన దగ్గర్నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు. ఇవి ఉత్త ప్రశ్నలే, ఇప్పుడు ఎవర్నీ బలవంతంగా తీసుకెళ్ళట్లేదు అని నేను నచ్చజెబుతున్నా, కానీ 2027 జులై నుంచి వైద్య పరీక్షకి కూడా తప్పకుండా వెళ్ళాలి, వాలంటీర్లు చాలకపోతే పార్లమెంటు ఇంకో చట్టం చేసి పిలవొచ్చు అన్న సంగతి ఆవిడ అప్పటికే చదివేసింది.

నేను 2006లో ఇక్కడికి వచ్చినప్పుడు నిర్బంధ సేవ ఉండేది. అప్పుడు 9 నెలలు. మా టీమ్‌లో జర్మన్ కుర్రాళ్ళు కొందరు సైన్యంలో చేసొచ్చారు, ఎక్కువమంది త్సివి చేశామనేవాళ్ళు, అంటే తుపాకీ వద్దన్నవాళ్ళు ఆస్పత్రిలోనో వృద్ధాశ్రమంలోనో పనిచేసేవాళ్ళు. అప్పుడు అది మంచి పద్ధతే అనుకున్నా. ఇప్పుడు నా కొడుకు పేరుతో కవరు వస్తే అంత తేలిగ్గా అనలేకపోతున్నా. మేం 2017లో పౌరసత్వం తీసుకున్నాం, ఇండియా పాస్‌పోర్ట్ ఇచ్చేశాం, ఈ దేశం మాకు ఇల్లూ ఉద్యోగం పిల్లల చదువూ అన్నీ ఇచ్చింది, తిరిగి అడిగితే కాదనొచ్చా? అసలు ఒక దేశం 18 ఏళ్ళ పిల్లాణ్ణి ఏడాది నాకియ్యి అని బలవంతంగా తీసుకోవచ్చా? మీ అభిప్రాయాలు చెప్పండి, ఇంట్లో రోజూ ఇదే గొడవ.

మాగ్డెబుర్గ్_ముచ్చట
అన్నా స్టూడెంట్ వీసా మీద ఉన్నోళ్ళకు గూడ ఈ ఉత్తరం వస్తదా? మా రూమ్‌ల నలుగురం భయపడుతున్నం

చట్టం_సంధ్య
@మాగ్డెబుర్గ్_ముచ్చట రాదు. ఇది జర్మన్ పౌరులకే. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి దీనితో సంబంధం లేదు, నిశ్చింతగా పరీక్షలు రాసుకోండి.

మాగ్డెబుర్గ్_ముచ్చట
సల్లటి మాట చెప్పినవ్ అక్క

మాజీ_హవల్దార్
22 ఏళ్ళు ఇండియన్ ఆర్మీలో చేసినోణ్ణి కాబట్టి చెబుతున్నా. ఇష్టం లేనివాణ్ణి సైన్యంలోకి తీసుకురావద్దు. గుంటూరు ర్యాలీలో 1600 మీటర్ల పరుగులో నా వెనకాల వందలమంది పరిగెత్తారు, కాళ్ళకి బూట్లు లేనివాళ్ళు కూడా ఉన్నారు, సెలెక్ట్ కానివాళ్ళు అక్కడే కూర్చుని ఏడ్చారు. అంత కోరుకుని వచ్చినోడే మొదటి చలికాలం పోస్టు మీద నిలబడలేక అల్లాడిపోతాడు. బలవంతంగా వచ్చినవాడు పక్కన సెంట్రీ డ్యూటీలో ఉంటే నాకు కన్ను మూతపడదు, నా ప్రాణం వాడి మెలకువ మీద ఆధారపడి ఉంటది కదా. స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి మనకి సైన్యంలో నిర్బంధం లేదు, 62లోనూ లేదు 71లోనూ లేదు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊరుంది, తరతరాలుగా ఇంటికొకరు చొప్పున వెళ్తున్నారు, వాళ్ళని ఏ చట్టం పంపింది? ఆరు నెలల ట్రైనింగ్‌తో సైనికుడు తయారు కాడు, కవాతు నేర్చుకున్న కుర్రాడు తయారవుతాడు అంతే.

స్టాక్‌హోమ్_శీను
హవల్దార్ గారి మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నా. ఇండియా జనాభాకి వాలంటీర్లు దొరుకుతారు, 55 లక్షల జనాభా ఉన్న ఫిన్లాండ్‌కి దొరకరు. వాళ్ళు నిర్బంధ సేవని ఎప్పుడూ ఆపలేదు, పని బట్టి 165, 255, 347 రోజులు, తర్వాత రిజర్వులోకి వెళ్తారు, యుద్ధం వస్తే 2,80,000 మందిని నిలబెట్టగలరు. రష్యాతో 1300 కిలోమీటర్ల పైచిలుకు సరిహద్దు పెట్టుకుని బతికే దేశం అది. అక్కడి సైనికులు పనికిరానివాళ్ళని ఎవరూ అనరు.

ఇక్కడ స్వీడన్‌లో 2010లో ఆపేశారు, 2017లో మళ్ళీ తేవాలని నిర్ణయించి 2018 నుంచి పిలుస్తున్నారు, ఈసారి అమ్మాయిల్ని కూడా. 18 ఏళ్ళొచ్చిన అందరూ ఫారం నింపాలి, అందులోంచి కొందర్ని పరీక్షకి పిలిచి చివరికి కొన్ని వేలమందిని తీసుకుంటారు, ఎక్కువగా ఆసక్తి ఉన్నవాళ్ళనే. మా పక్కింటి అమ్మాయి సెలెక్ట్ అయితే వాళ్ళింట్లో కేక్ కోసి మమ్మల్ని పిలిచారు. నెకార్ అన్నా, మీ జర్మనీ వాళ్ళు కూడా ఈ పద్ధతి చూసే చేస్తున్నారు, వదినకి చెప్పండి అన్నం తినమని.

సుధ_సింగపూర్
మా అబ్బాయి రెండేళ్ళు నేషనల్ సర్వీస్, అంటే ఇక్కడ సింగపూర్‌లో తప్పనిసరి సైనిక సేవ, పూర్తిచేశాడు కాబట్టి తల్లిగా నా మాట రాస్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

ఇక్కడ 1967 నుంచి ఉంది. మేం పర్మనెంట్ రెసిడెన్స్ తీసుకున్నాం, మొదటి తరం కాబట్టి మా వారికి మినహాయింపు, పిల్లాడికి మాత్రం తప్పదు. ఆ సంగతి సంతకం పెట్టేటప్పుడే తెలుసు, అప్పుడు వాడికి నాలుగేళ్ళు, పద్నాలుగేళ్ళ తర్వాత సంగతి కదా అనుకున్నాం. అంత తొందరగా వచ్చేస్తుందని ఏ తల్లీ అనుకోదు. పులావ్ టెకాంగ్ అని ఒక ద్వీపం, అక్కడ మొదటి శిక్షణ. చేరే రోజు తల్లిదండ్రుల్ని కూడా ఫెర్రీలో తీసుకెళ్ళి అన్నీ చూపించి అక్కడే భోజనం పెట్టి పంపిస్తారు. తిరిగొచ్చేటప్పుడు ఫెర్రీలో ఒక్కళ్ళూ మాట్లాడలేదు, చైనీస్ అమ్మ, మలయ్ అమ్మ, నేను, అందరం కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాం.

మొదటి శనాదివారాలకి ఇంటికొచ్చినప్పుడు వాడు పప్పుచారన్నం తిని పద్నాలుగు గంటలు నిద్రపోయాడు. ఆదివారం సాయంత్రం మళ్ళీ బ్యాగు సర్దుకునేటప్పుడు వాడి మొహం చూడలేకపోయేదాన్ని. ఆర్నెల్లు పోయాక వాడే మారాడు. పక్క మంచం వాడు టాక్సీ డ్రైవర్ కొడుకు, ఎదురు మంచం వాడు పెద్ద డాక్టర్ గారి అబ్బాయి, ముగ్గురూ ఒకే గదిలో ఒకే నేల తుడిచారు. ఈరోజుకీ వాళ్ళే వాడి ప్రాణస్నేహితులు. 24 కిలోమీటర్ల మార్చ్ చేసి పరేడ్‌కి వచ్చినప్పుడు టోపీ నా తల మీద పెట్టాడు, అది నేను మర్చిపోలేను.

కానీ ఖరీదు కూడా చెప్పాలి. వాడితో చదివిన అమ్మాయిలు యూనివర్సిటీలో రెండేళ్ళు ముందున్నారు. వాడు 21కి మొదటి సంవత్సరంలో చేరాడు, లెక్కలన్నీ మర్చిపోయి మొదటి సెమిస్టర్ చాలా కష్టపడ్డాడు. తర్వాత పదేళ్ళపాటు రిజర్వు శిక్షణకి పిలుస్తూనే ఉంటారు. చేయకుండా రెసిడెన్స్ వదిలేసి వెళ్ళిపోతే తర్వాత ఇక్కడ చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు పెట్టినప్పుడు అది అడ్డొస్తుంది. ఇంత చిన్న దేశానికి ఇంకో దారి లేదని నేను నమ్ముతాను. జర్మనీకి ఇదే వర్తిస్తుందా అంటే చెప్పలేను, మాది ఎప్పుడూ ఆగలేదు కాబట్టి అందరి తాతలూ తండ్రులూ చేశారు, ఒక్కడి మీద పడ్డట్టు అనిపించదు.

నెకార్_గట్టు
సుధ గారూ, ఫెర్రీ సంగతి మా ఆవిడకి చదివి వినిపించా, మళ్ళీ ఏడ్చింది. కానీ ఆ టోపీ మాట దగ్గర ఆగి, ఆ అబ్బాయి ఇప్పుడేం చదువుతున్నాడో అడగమంది.

సుధ_సింగపూర్
మెకానికల్ మూడో సంవత్సరం అండీ. బాగా చదువుతున్నాడు. ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.

హాంబుర్గ్_చింటు
నాకు 17 సంవత్సరాలు. నేను ఇక్కడే పుట్టాను, వాయిస్‌తో టైప్ చేస్తున్నాను, మా అమ్మ తప్పులు సరిచేస్తోంది. నేను 2008 డిసెంబర్, నాకు కూడా ఉత్తరం వస్తుంది.

2025 డిసెంబర్ 5న పార్లమెంట్‌లో ఈ చట్టానికి ఓటు వేసిన రోజు మేము స్కూల్ మానేసి రోడ్డు మీదకి వెళ్ళాము. చాలా ఊళ్ళలో వెళ్ళారు. అంకుల్స్ అందరూ దేశం అడిగితే ఇవ్వాలా వద్దా అని మాట్లాడుతున్నారు, కానీ దేశం మమ్మల్ని అడగలేదు. 2025 ఫిబ్రవరిలో ఎలక్షన్ జరిగినప్పుడు మాకు 18 లేవు కాబట్టి ఓటు లేదు. ఎవరి గురించి చట్టమో వాళ్ళలో ఒక్కరికి కూడా ఓటు లేదు. కరోనా టైమ్‌లో పెద్దవాళ్ళ కోసం అని మా స్కూల్స్ మూసేశారు, నేను ఐదో క్లాస్, ఆరో క్లాస్ చాలా భాగం నా రూమ్‌లో కూర్చుని చేశాను, అది కరెక్టే, మా తాతయ్య కోసం నేను అది చేస్తాను. ఇప్పుడు మళ్ళీ మేమే. నాకు ఈ దేశం ఇష్టం, ఇదే నా దేశం, నాకు ఇంకోటి లేదు. దాన్ని కాపాడాలంటే నేను వస్తానేమో. కానీ ముందు నన్ను మనిషిలాగా అడగండి.

మాజీ_హవల్దార్
చింటూ, నీ మాట నా గుండెకి తగిలింది నాన్నా. "అడగండి వస్తానేమో" అన్నావు చూడు, నేను పైన చెప్పబోయింది అదే, నీ అంత బాగా చెప్పలేకపోయా.

కర్నూలు_క్యాడెట్
నేను వేరేగా అంటున్నా. ఈ కాలం పిల్లోళ్ళకి క్రమశిక్షణ లేదు, ఫోన్ తప్ప ఏమీ తెలీదు, ఏడాది సైన్యంలో వేస్తే అన్నీ సర్దుకుంటాయి. జర్మనీ ఏంది, ఇండియాలో గూడా పెట్టాల. నేను కాలేజీలో మూడేండ్లు ఎన్‌సీసీ చేసినా, సి సర్టిఫికెట్ ఉంది, ఇప్పటికీ తెల్లారి ఐదుకి లేస్తా.

చట్టం_సంధ్య
@కర్నూలు_క్యాడెట్ మీ ఐదింటి లేవడం మెచ్చుకోవాల్సిందే, కానీ మీరు ఇష్టపడి చేరారు కదండీ. మనదేశంలో బలవంతంగా కూడా పెట్టి చూశారు. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ పిల్లలకి ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు, 1968లో మళ్ళీ ఐచ్ఛికం చేసేశారు. మా నాన్నగారు ఆ బ్యాచే, అంతమందికి సరిపడా యూనిఫాంలు లేక సగంమంది మామూలు చొక్కాలతోనే గ్రౌండ్‌లో నిలబడేవాళ్ళని చెప్పేవారు. ఇష్టంతో చేరినవాళ్ళకి అది ఎంత మేలు చేసిందో, హాజరు కోసం వచ్చినవాళ్ళకి అంత విసుగు తెప్పించింది అనేవారు.

జర్మనీ చట్టం సంగతి ఒకసారి స్పష్టంగా చెబుతా, ఇక్కడ చాలామంది కంగారులో ఉన్నారు కాబట్టి. 2011లో నిర్బంధ సేవని రద్దు చేయలేదు, ఆపి ఉంచారు అంతే. రాజ్యాంగంలో 12ఏ అధికరణం అలాగే ఉంది, 18 దాటిన మగవాళ్ళని పిలవొచ్చు అని. ఆడవాళ్ళని ఆయుధ సేవకి బలవంతం చేయకూడదు అని కూడా అందులోనే ఉంది, అందుకే ఫారం అమ్మాయిలకి ఐచ్ఛికం, మార్చాలంటే రాజ్యాంగమే మార్చాలి. అలాగే 4వ అధికరణంలో, మనస్సాక్షికి వ్యతిరేకంగా ఎవర్నీ తుపాకీ పట్టమని బలవంతం చేయకూడదు అని ఉంది. ఒకవేళ రేపు నిజంగా పిలిచినా ఆ అర్జీ పెట్టుకునే హక్కు మీ అబ్బాయికి ఉంటుంది. ఫారం నింపినంత మాత్రాన ఆ హక్కు పోదు. నింపకుండా పక్కన పడేస్తే మాత్రం జరిమానా పడొచ్చు, అది చేయకండి.

నెకార్_గట్టు
ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి, మా చిన్నది 15 ఏళ్ళది, అన్నకే ఎందుకు, నాకెందుకు లేదు అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయా.

స్టాక్‌హోమ్_శీను
మంచి ప్రశ్న అడిగింది. నార్వే, స్వీడన్‌లో ఇద్దరికీ ఉంది, డెన్మార్క్‌లో 2025 జులై నుంచి అమ్మాయిల్ని కూడా చేర్చారు. స్విట్జర్లాండ్‌లో 2025 నవంబర్‌లో అందరికీ ఏదో ఒక సేవ ఉండాలా అని ఓటు పెడితే జనం పెద్ద మెజారిటీతో వద్దన్నారు.

స్టేషన్_3_నర్స్
నేను నర్స్‌ని, హనోవర్ దగ్గర వృద్ధాశ్రమంలో పనిచేస్తున్నా, సొంతూరు నల్గొండ సైడు. నైట్ డ్యూటీ అయ్యి ఇప్పుడే వచ్చిన, ఇదంతా చదివి పడుకోబుద్ధి కాలే.

మా దగ్గర పాత సిస్టర్లు ఇప్పటికీ త్సివీల గురించి చెప్తరు. 1961 నుంచి 2011 దాకా ఆ పిల్లగాళ్ళు ఉండేవాళ్ళట, ముసలోళ్ళకు అన్నం తినిపిచ్చుడు, వీల్‌చైర్‌ల తోటలకు తీస్కపోవుడు, పేపర్ చదివి వినిపిచ్చుడు. అది ఆగినంక ఆ పని ఎవ్వరు చేస్తున్నరు? ఎవ్వరు చేస్తలేరు. మేము మందులిచ్చి, కడిగి, రాసుకునేసరికి షిఫ్ట్ అయిపోతది. వాలంటీర్ సర్వీస్ అని పెట్టిన్రు గని వచ్చేది ఇద్దరు ముగ్గురే. అందుకే సేవ మళ్ళా రావాలె అని మొదట్ల నాకు అనిపించింది.

గని మా వార్డుల ఒక అవ్వ ఉంది, తొంభై ఏండ్లు. ఈ ఉత్తరాల సంగతి టీవీల వచ్చిన రోజు నన్ను కూసోబెట్టుకొని వాళ్ళన్న ఫోటో చూపిచ్చింది. 1945ల, యుద్ధం అయిపోవడానికి కొన్ని వారాల ముందు, పదిహేడేండ్ల పోరడిని తీస్కపోయిన్రట. మళ్ళ రాలే. ఆమెకు అప్పుడు తొమ్మిదేండ్లు, తలుపుకాడ నిలబడి చెయ్యి ఊపిందట. ఫోటోల ఆ పిల్లగాడికి మీసం గూడ సరిగ రాలే. సిస్టర్ నీకు కొడుకున్నడా అని అడిగింది, ఉన్నడు అవ్వా, ఆరేండ్లు అన్న. నా చెయ్యి గట్టిగ పట్టుకుంది, ఇంకేం అనలే.

ఇక్కడోళ్ళు ఈ మాటకు ఎందుకింత ఉలిక్కిపడతరో నాకు ఆ రోజు సమజైంది. సింగపూర్ అక్క చెప్పింది కరెక్టే, గని సింగపూర్‌కు ఈ ఫోటో లేదు.

మాగ్డెబుర్గ్_ముచ్చట
అక్క నువ్వు రాసింది మా రూమ్‌ల అందరికి చదివి వినిపిచ్చిన

కర్నూలు_క్యాడెట్
నర్స్ అక్కా, అంత దూరం ఆలోచించలేదు నేను. క్రమశిక్షణ మాట వెనక్కి తీసుకోను గానీ, బలవంతం అన్న మాట మీద ఆలోచిస్తా.

మాగ్డెబుర్గ్_ముచ్చట
ఇంకో సంగతి చెప్త. ఇక్కడ బుండెస్‌వేర్ల చేరితే నెలకు 2,600 యూరోలు ఇస్తమంటున్నరు, ఏడాది ఉంటే డ్రైవింగ్ లైసెన్స్‌కు పైసలు గూడ ఇస్తమంటున్నరు, అయినా జనం కోసం ఎతుకుతున్నరు. మా చిన్నాయన కొడుకు వరంగల్ల రెండేండ్లు పొద్దుగాల నాలుగింటికి లేసి ఉరికిండు ఆర్మీ కోసం. కరోనాల భర్తీ ఆపిన్రు, 2022ల అగ్నిపథ్ వచ్చింది, నాలుగేండ్లే, అందుల నూటికి ఇరవై ఐదు మందినే ఉంచుకుంటరు అన్నరు. ఆ జూన్ల సికింద్రాబాద్ స్టేషన్ల గొడవైతే కాల్పుల్ల ఒక పిల్లగాడు సచ్చిపోయిండు, మా జిల్లాలోడే. మావోడు ఆ రోజు పోలే గని వాని దోస్తులు పోయిన్రు. ఇప్పుడు వాడు హైదరాబాద్ల డెలివరీ చేస్తుండు. ఇయ్యాల్టికి గూడ పిలిస్తే ఉరుకుతడు. వాడు యాదికొచ్చి నాకు బాధైతది.

మాజీ_హవల్దార్
ఆ బ్యాచ్ పిల్లలు చాలామంది నాకు ఫోన్ చేసి ఏడ్చారు తమ్ముడూ. రెండేళ్ళు భర్తీ ఆపి వయసు దాటించారు, ఒక్కసారి రెండేళ్ళు సడలించినా అందరికీ న్యాయం జరగలేదు. కోరుకునేవాడికి మాట నిలబెట్టుకుంటే బలవంతం అవసరమే రాదు. జర్మనీ వాళ్ళకీ నేను ఇదే చెబుతా, జీతం బాగానే ఇస్తున్నారు, ముందు ఉండటానికి బ్యారక్ ఉందా, నేర్పడానికి మంచి ఉస్తాదు ఉన్నాడా చూసుకోండి.

స్టాక్‌హోమ్_శీను
అక్కడే వాళ్ళకి అసలు చిక్కు. 2011 తర్వాత బ్యారక్‌లు చాలా మూసేశారు, పిలిచి పరీక్ష చేసే ఆఫీసులు ఎత్తేశారు. 2035 కల్లా 2,60,000 మంది సైనికులు, 2,00,000 మంది రిజర్వు కావాలంటున్నారు, ఇప్పుడున్నది 1,80,000 పైచిలుకు. రేపు ఒక ఏడాది పిల్లలందర్నీ పిలిచినా పెట్టుకోవడానికి మంచాలుండవు. అప్పుడు కొందర్నే తీసుకోవాలి. ఎవర్ని? చిట్టీలు తీసి ఎంచుదామన్న ఆలోచన కూడా 2025లో చర్చకి వచ్చింది.

హాంబుర్గ్_చింటు
చిట్టీ అంటే లాటరీ కదా. నా పేరు వస్తే నేను వెళ్ళాలి, నా పక్క బెంచ్ ఫ్రెండ్ పేరు రాకపోతే వాడు యూనివర్సిటీకి వెళ్తాడు. మా క్లాస్‌లో అందరికీ కోపం వచ్చింది దాని మీదే.

ఫ్రాంక్‌ఫర్ట్_పద్మ
ఎవరూ ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు, దాంతో వీసా లేకుండా వెళ్ళిరావచ్చు) సంగతి ఎత్తలేదు, చాలా ముఖ్యం. నెకార్ గారూ, మీ అబ్బాయికి ఓసీఐ కార్డు ఉంటే, స్వచ్ఛందంగా చేరేముందు కచ్చితంగా ఆలోచించండి. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్ళకి, చేసి రిటైర్ అయినవాళ్ళకి ఓసీఐ ఇవ్వరని నిబంధనల్లో ఉంది. 2017లో మోదీ గారు ఇజ్రాయెల్ వెళ్ళినప్పుడు, అక్కడ తప్పనిసరి సైనిక సేవ చేసిన భారత సంతతి వాళ్ళకి కూడా ఓసీఐ ఇస్తామని చెప్పారు. అది నిర్బంధంగా చేసినవాళ్ళ విషయం. ఇక్కడ ఇప్పుడున్నది స్వచ్ఛందం, మీ వాడు తనకు తానుగా సంతకం పెట్టి చేరతాడు. రేపు అమ్మమ్మని చూడ్డానికి ఊరెళ్ళాలన్నా ఇబ్బంది కాకూడదు కదా. కాన్సులేట్‌కి రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్‌లో చెప్పింది నమ్మొద్దు.

నెకార్_గట్టు
పద్మ గారూ ఇది నాకు తట్టనే లేదు. చాలా థ్యాంక్స్. వాళ్ళ అమ్మమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది, వాడు ప్రతి రెండేళ్ళకీ వెళ్తాడు, ఆవిడ చేసే సున్నుండల కోసం సూట్‌కేసులో సగం ఖాళీగా తీసుకెళ్తాడు. ఈరోజే కాన్సులేట్‌కి రాస్తా.

సుధ_సింగపూర్
నాకు కూడా ఇది అవసరమే పద్మ గారూ. మా వాడు ఇంకా ఇండియా పాస్‌పోర్టే, కానీ ఇక్కడి పౌరసత్వం తీసుకుంటే అప్పుడు ఈ ప్రశ్న వస్తుంది.

నెకార్_గట్టు
నిన్న రాత్రి నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. చింటూ రాసింది, నర్స్ అమ్మ రాసింది మా వాడికి చదివి వినిపించా, వాడికి తెలుగు చదవడం సరిగ్గా రాదు, వింటాడు. ఆ అవ్వ ఫోటో సంగతి విన్నాక లేచి వెళ్ళి కాసేపు బాల్కనీలో నిలబడ్డాడు. తిరిగొచ్చి ఫారం తనే నింపాడు, మమ్మల్ని చూడొద్దన్నాడు. సైన్యానికి ఇప్పుడు వద్దని పెట్టాడంట. కానీ అబిటూర్ (ఇక్కడి స్కూలు చివరి పరీక్ష) అయ్యాక ఏడాది అంబులెన్స్‌లో వాలంటీర్‌గా చేస్తా నాన్నా, తర్వాతే యూనివర్సిటీ అన్నాడు. ఏడాది చదువు పోతుంది కదా అని నోటిదాకా వచ్చింది, ఆగిపోయా. సుధ గారి అబ్బాయికి రెండేళ్ళు పోయాయి, మెకానికల్ చదువుతున్నాడు.

నేను మొదట అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇప్పుడు ఇదీ. ఈ దేశానికి మేం బాకీ ఉన్నాం, కాదనను. కానీ ఆ బాకీ నా కొడుకు చేత బలవంతంగా కట్టించుకోవద్దు, వాడు కట్టడానికి సిద్ధంగానే ఉన్నాడు, ఎలా కడతాడో వాణ్ణే చెప్పనివ్వండి. శీను ఒప్పుకోడు, తెలుసు.

స్టాక్‌హోమ్_శీను
ఒప్పుకోను అన్నా. ఫిన్లాండ్ వాళ్ళు అలా ఆగి ఉంటే ఈపాటికి ఏమయ్యేవారో అనే అంటాను. కానీ మీ వాడు మంచి పని ఎంచుకున్నాడు.

స్టేషన్_3_నర్స్
అన్నా, అంబులెన్స్‌కు సీట్లు తొందరగ నిండుతయి, ఇప్పట్నుంచే రాయమను. ముందు ప్రథమ చికిత్స కోర్సు చేసి పెట్టుకొమ్మను. దొరకకపోతే మా అసొంటి ఆశ్రమాలల్ల ఎప్పటికి ఖాళీలుంటయి. జేబు ఖర్చులకు కొంచెం ఇస్తరు అంతే, 2,600 రావు.

నెకార్_గట్టు
చెప్పానమ్మా, తెలుసంట. కాన్సులేట్ నుంచి ఇంకా జవాబు రాలేదు. రాగానే ఇక్కడే పెడతా.